ఇల్లు, పిల్లలు, మధ్యలో 3 క్రాస్ స్టిచ్ ప్రాజెక్టులు: ఏదీ అటకెక్కకుండా నడపడం ఎలా

"ఒకటి సగంలో ఉండగానే ఇంకోటి మొదలెట్టేస్తాను, తర్వాత పిల్లల పరీక్షలో, పండగో, చుట్టాలో వస్తారు, మళ్ళీ తీసి చూస్తే ఎక్కడ ఆపానో అర్థం కాదు, అలాగే చుట్టేసి బీరువాలో పెట్టేస్తాను." క్రాస్ స్టిచ్ (గళ్ళ బట్ట మీద ఎక్స్ ఆకారపు కుట్లతో బొమ్మ నింపే పని) గురించి నన్ను అడిగేవాళ్ళంతా అటూ ఇటుగా ఇదే చెప్తారు. టైమ్ లేదంటారు గానీ, నాకు తెలిసి అసలు తంటా టైమ్‌తో కాదు. దొరికిన అరగంటలో ఇరవై నిమిషాలు కత్తెర వెతకడానికి, చార్ట్‌లో (ఏ గడిలో ఏ రంగు కుట్టాలో చూపే గళ్ళ కాగితం) మన చోటు పట్టుకోడానికే పోతాయి. అందుకే కింద రాసినవన్నీ ఒక్కదానికోసమే: ఒక్క నిమిషంలో తీసి కూర్చోగలగాలి, ఒక్క నిమిషంలో ఆపి లేవగలగాలి.

## 1. ముందు లెక్క వేసుకోండి

ఒకేసారి మూడు. నాలుగోది మొదలెట్టాలనిపిస్తే దాని చార్ట్ దాచుకోండి, దారాలు మాత్రం కొనకండి. దారాలు కొన్నామంటే చేయి ఆగదు, నాకు అనుభవమే.

మూడూ ఒకే రకంవి వద్దు:

- చిన్నది: బుక్‌మార్క్ లాంటిది, రెండు మూడు రంగులు, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టాలి.
- తేదీ ఉన్నది: ఎవరికైనా ఇవ్వాల్సింది, ఫలానా రోజుకి అవ్వాల్సింది.
- పెద్దది: తొందరేమీ లేనిది, మన కోసం మనం కుట్టుకునేది.

ఇప్పుడు మీ స్పీడ్ ఎంతో చూసుకోండి. పిల్లలు స్కూల్‌కి వెళ్ళాక ఫోన్‌లో అరగంట టైమర్ పెట్టి మామూలుగా కుట్టండి, అయ్యాక ఎక్స్‌లు లెక్కపెట్టండి. నావి యాభై దగ్గర వస్తాయి, అంటే గంటకి 100. నా పెద్ద ప్రాజెక్ట్ నెమలి, 200 గళ్ళ వెడల్పు, 280 గళ్ళ ఎత్తు, ఎక్కడా ఖాళీ లేకుండా మొత్తం నిండాలి. 56,000 కుట్లు, అంటే 560 గంటలు. వారానికి రెండు గంటలు ఇస్తే 280 వారాలు, ఐదేళ్ళు దాటిపోతుంది! ఆ లెక్క చూసి మా ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. కానీ మధ్యలో తేదీ ఉన్న పని లేనప్పుడు ఆ గంటలూ దీనికే ఇచ్చి వారానికి ఆరు గంటలు కుడితే 94 వారాలు, రెండేళ్ళ లోపే. ముందే ఈ లెక్క తెలిస్తే మూడో నెలలో "ఇంకా ఇంతేనా" అని నీరసపడం.

చార్ట్ మొత్తం నిండకపోతే వెడల్పుని ఎత్తుతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. చార్ట్ మీద కుట్ల సంఖ్య రాసుంటే అదే తీసుకోండి, లేకపోతే ఒక్క పేజీలో నిండిన గళ్ళు లెక్కపెట్టి అంచనా వేయండి.

## 2. ఒక్కో ప్రాజెక్ట్‌కి ఒక్కో కవర్, ఏదీ షేరింగ్ లేదు

జిప్ ఉన్న చీర కవర్లు దీనికి భలే పనికొస్తాయి, పైన ప్లాస్టిక్ కాబట్టి లోపల ఏముందో కనిపిస్తుంది. చిన్నదానికి పిల్లల పెన్సిల్ పౌచ్ చాలు.

ప్రతి కవర్‌లో ఉండాల్సినవి:

- ☐ బట్ట
- ☐ చార్ట్ ప్రింట్, ఒక హైలైటర్
- ☐ ఆ ప్రాజెక్ట్ దారాలన్నీ
- ☐ మొన మొద్దుగా ఉండే సూదులు రెండు (కౌంట్ అంటే బట్టలో అంగుళానికి ఎన్ని గళ్ళో; 14 కౌంట్‌కి 24 నంబర్, 16, 18 కౌంట్లకి 26)
- ☐ దానికంటూ ఒక చిన్న కత్తెర
- ☐ ఒక చీటీ, పెన్సిల్ ముక్క

మూడు కత్తెరలు కొనడం దండగ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఒకే కత్తెర మూడు కవర్ల మధ్య తిరుగుతుంటే అది ఎప్పుడూ నాలుగో చోటే ఉంటుంది, ఎక్కువగా పిల్లల క్రాఫ్ట్ డబ్బాలో.

దారాల దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. రెండు ప్రాజెక్టులకీ నలుపు కావాలి కదా అని ఒకే స్కీన్ (దారం చుట్ట) వాడతారు, అది ఒక కవర్‌లో ఉండిపోతుంది, రెండోది ఆగిపోతుంది. దేనికది కొనుక్కోండి. ఇంకోటి, ఒక ప్రాజెక్ట్‌లో ఒకే కంపెనీ దారం వాడండి. డీఎంసీ కంపెనీలో నలుపు 310 నంబర్, యాంకర్‌లో 403, నలుపుతో గొడవ లేదు గానీ మిగతా రంగులకి, ఒక కంపెనీ నంబర్‌కి ఇంకోదాని నంబర్ చెప్పే మార్పిడి పట్టికలు దగ్గరి రంగునే చూపిస్తాయి, అచ్చంగా అదే రంగుని కాదు. ఆకుపచ్చల్లో, ఒంటి రంగుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్కీన్ మీద ఉండే కాగితం పట్టీ రెండో రోజుకే ఊడిపోతుంది, నంబర్ పోతుంది. అందుకని పాత శుభలేఖల అట్ట తీసుకుని అంచు వెంట పంచింగ్ మెషిన్‌తో చిల్లులు వేసి, ఒక్కో చిల్లుకి ఒక్కో రంగు కట్టి, పక్కనే నంబరూ, చార్ట్‌లో దాని గుర్తూ రాయండి. మా ఇంట్లో ఏ పెళ్ళి శుభలేఖా బయటికి పోదు.

## 3. బట్ట సిద్ధం చేయడం

సైజ్: గళ్ళని కౌంట్‌తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. నెమలి 14 కౌంట్ మీద 200÷14 అంటే 14.3, 280÷14 అంటే 20 అంగుళాలు. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి కాబట్టి 21 × 26 ముక్క కావాలి. ఆ మూడు అంగుళాల దగ్గర పిసినారితనం చేస్తే ఫ్రేమ్ కట్టేవాడి దగ్గర ఏడవాల్సొస్తుంది.

ఐడా (క్రాస్ స్టిచ్ కోసమే గళ్ళతో నేసిన బట్ట) కాకుండా షాపులో మీటర్ లెక్కన దొరికే మ్యాటీ క్లాత్ తీసుకుంటే, కొనే ముందే అడ్డంగా ఒక అంగుళంలో ఎన్ని గళ్ళు, నిలువుగా ఎన్ని అని లెక్కపెట్టండి. రెండూ సమానంగా లేకపోతే గుండ్రటి పువ్వు కోడిగుడ్డు అయిపోతుంది.

వరసగా ఇలా చేయండి:

1. అంచులు పీకో చేయించండి. చీరలకి ఫాల్ కుట్టే ఆవిడే చేసేస్తుంది. టేప్ అంటించొద్దు, నెలల తరబడి ఉంటే జిగురు బట్టకి పట్టేస్తుంది.
2. నాలుగు మడతలు పెట్టి మధ్య గడి గుర్తు పెట్టుకోండి.
3. చార్ట్‌లో ఉన్నట్టే పదేసి గళ్ళకి ఒక గీత చొప్పున గ్రిడ్ వేయండి. చిన్నదానికి అక్కర్లేదు, పెద్దదానికి మాత్రం తప్పదు. మామూలు కుట్టు దారంతో వేస్తే పైన కుట్టిన ఎక్స్‌ల్లో ఇరుక్కుపోతుంది, సన్న ఫిషింగ్ వైర్ అయితే చివర్లో లాగితే జారి వచ్చేస్తుంది. నీళ్ళకి పోయే పెన్‌తో గీసినా పర్లేదు గానీ, ఉతికి అది పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ తగలనివ్వద్దు, వేడికి ఆ గీతలు అలాగే ఉండిపోతాయి.
4. ఎక్స్‌లో పై గీత ఎటు వంగాలో తేల్చుకుని, ఫ్రేమ్‌లోకి వెళ్ళిపోయే అంచులో ఒక్క ఎక్స్ కుట్టి వదిలేయండి.

నాలుగోది చిన్నదే, కానీ మూడు ప్రాజెక్టులు నడిపేవాళ్ళకి చాలా ముఖ్యం. రెండు నెలల తర్వాత తీస్తే మనం కింద గీత ఎటు వేశామో గుర్తుండదు, సగం బొమ్మ ఒకలా, సగం ఇంకోలా మెరుస్తుంది. అంచులో ఉన్న ఆ ఎక్స్ చూసి కుట్టేయడమే.

## 4. రోజులో దేనికి ఏ వేళ

కొత్తగా టైమ్ పుట్టించలేం, ఉన్న వేళల్ని దేనిదానికి ముడెయ్యాలి.

పొద్దున 11 ప్రాంతం, వంటయ్యాక భోజనాల ముందు, కిటికీ వెలుతురు ఉన్నప్పుడు: పెద్దది. ముదురు నీలం, నలుపు పగలే కుట్టండి, ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే.

సాయంత్రం పిల్లలు హోమ్‌వర్క్ చేస్తున్నప్పుడు: తేదీ ఉన్నదాంట్లో ఒకే రంగు పెద్దగా నింపాల్సిన భాగాలు. ప్రతి రెండు నిమిషాలకీ "అమ్మా, ఏడెనిమిదులు ఎంత" అని పిలుస్తారు కాబట్టి లెక్కపెట్టాల్సినవి పెట్టుకోవద్దు.

ట్యూషన్ బయట, డాక్టర్ దగ్గర, రైల్లో: చిన్నది.

రాత్రి: కుట్టను. అలసిపోయి కుట్టినవన్నీ మర్నాడు విప్పినవే. దాని బదులు రేపటికి సూదుల్లో దారం ఎక్కించి పెట్టుకుంటా.

కుక్కర్ పెట్టి మాత్రం కూర్చోవద్దు. కూతలూ కుట్లూ రెండూ ఒకేసారి లెక్కపెట్టడం మానవమాత్రులకి సాధ్యం కాదు, మా పప్పు రెండుసార్లు అడుగంటింది.

## 5. ఆపే పద్ధతి

ఇదే అసలు విషయం, మిగతాది మర్చిపోయినా ఇది పట్టుకోండి. కుట్టు పూర్తవడం, అవకపోవడం ఆపేటప్పుడే తేలిపోతుంది.

మామూలుగా లేచేటప్పుడు:

1. సగంలో ఉన్న ఎక్స్‌లు పూర్తి చేయండి. కింద గీతలు వరసంతా వేసి వెనక్కి వచ్చే పద్ధతి అయితే, వెనక్కి వచ్చేదాకా లేవకండి. అందుకే ఒకేసారి ముప్పై గళ్ళు వెళ్ళకండి, పది చాలు.
2. చార్ట్‌లో కుట్టినంతా హైలైటర్‌తో రుద్దండి. "తర్వాత రుద్దుతాలే" అన్నదే అన్ని తప్పులకీ మూలం.
3. చీటీ మీద ఒక్క లైన్ రాయండి. "12-3: 702 ఆకు, గ్రిడ్ 4 అడ్డం 7 నిలువు, పై నుంచి కిందకి" ఇలా. రాబోయే పని ఏంటో రాయాలి, అయిపోయింది కాదు.
4. సూది బట్టలోంచి తీసేయండి. వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో వారం రోజులు బట్టలో గుచ్చి ఉంచితే తుప్పు మచ్చ పడుతుంది, అది పోదు. సూదికి పిన్‌కుషన్ ఉండాలి, లేదా చార్ట్ అట్టకి ఒక ఫ్రిజ్ మాగ్నెట్ అంటించుకోండి.
5. బట్టని బిగించే గుండ్రటి రింగ్ విప్పండి. బిగించి వదిలేస్తే గుండ్రటి ముద్ర పడుతుంది, ఆ మడతలో దుమ్ము చేరి గీతలా నల్లబడుతుంది.
6. బట్టని మడవకుండా చుట్టి పెట్టండి.

మొదట్లో ఐదు నిమిషాలు పడుతుంది, అలవాటయ్యాక నిమిషం.

ఇక పిల్లాడు కింద పడ్డాడు, కాలింగ్ బెల్ మోగింది, పాలు పొంగుతున్నాయి, ఇలాంటప్పుడు రెండే పనులు: సూది పిన్‌కుషన్‌లోకి, కవర్ అందనంత ఎత్తుకి. మిగతావి వెళ్ళొచ్చాక. మీకు తీరుబడి అయ్యేసరికి చాలాసేపు పడితే ముందు బట్టకీ చార్ట్‌కీ ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, రాత్రి దాన్ని చూసి చీటీ రాసుకోవచ్చు.

## 6. దారం వైపు చిన్న చిన్న కిటుకులు

దారం పొడవు ఒక మూర, అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, 18 అంగుళాలు. అంతకన్నా పొడుగైతే చిక్కు పడుతుంది, నూగు లేస్తుంది, పైగా మధ్యలో లేవడమూ కష్టమే. స్కీన్‌లో 8 మీటర్ల దారం, దాంట్లో ఆరు పోగులు. 14 కౌంట్‌కి రెండు పోగులు చాలు, అంటే ఒక్కో మూర ముక్కకి మూడు సూదుల దారం వస్తుంది.

ముడులు వేయకండి, ఫ్రేమ్ కట్టాక ఎత్తుగా కనిపిస్తాయి. రెండు పోగులు కావాలంటే ఒక్క పోగునే రెండు మూరలు తీసి, సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలో ఎక్కించండి. మొదటి గీత వేశాక వెనక మిగిలిన ఉచ్చులోంచి సూది దూర్చి లాగితే అదే బిగుసుకుంటుంది. అయిపోయాక వెనక నాలుగు కుట్ల కింద నుంచి లాగి కత్తిరించడమే.

## 7. చేతులు, సూదులు, ఇంట్లో జనం

కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోండి. మన వంటింట్లో పసుపూ, నూనె, తలకి రాసిన కొబ్బరినూనె, ఇవన్నీ తెల్ల ఐడా మీదే వాలతాయి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది, కంగారుపడి ఇంకా రుద్దకండి. కడిగి, కుట్లున్న చోటు గుడ్డతో కప్పి, మరక ఒక్కటే ఎండకి చూపిస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

సూదులు లెక్కలో ఉండాలి. కవర్ మీద "సూదులు 2" అని రాసి, మూసేటప్పుడు చూడండి. ఒకటి తగ్గితే మంచం మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి, మాగ్నెట్ పట్టుకుని దుప్పటంతా తడమండి. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీద చాప వేసుకుని కుట్టడం మానేయండి.

కాస్త పెద్ద పిల్లలకి ఒక పాత మ్యాటీ ముక్కా, మొద్దు సూదీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే మీ బట్ట జోలికి రారు. మా పాప అలాగే ఒక ఇల్లు కుట్టింది, తలుపు లేదు, కానీ ఇల్లే.

"ఆ కళ్ళు పాడుచేసుకోవడం ఎందుకమ్మా" అని మా అత్తయ్య మొదట్లో రోజూ అనేవారు. నేను వాదించలేదు, దారాలు అట్టకి కట్టే పని ఆవిడకి అప్పజెప్పాను, ఇప్పుడు ఏ రంగు తక్కువైందో నాకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళకి "నేను కుట్టుకుంటున్నా, పిలవొద్దు" అంటే ఎక్కదు. "ఈ వరస అయ్యేదాకా, పది నిమిషాలు" అంటే ఆగుతారు.

## 8. తేదీ ఉన్నదాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి

ఉదాహరణకి పుట్టబోయే బిడ్డకి పేరు కుట్టిన ఫ్రేమ్. 4,000 కుట్లు, 40 గంటలు, వారానికి నాలుగు గంటలైతే పది వారాలు. ఉతకడానికి, ఫ్రేమ్‌కి ఇంకో రెండు. సంక్రాంతి వారం, శ్రావణ శుక్రవారాలు, పిల్లల పరీక్షలు, ఇవన్నీ సున్నా వారాలుగా రాసుకోండి, ఆ రోజుల్లో కుడతామన్నది ఉత్త మాట. అలాంటివి మూడు వారాలనుకుంటే, అన్నీ కలిపి పదిహేను వారాల ముందు మొదలెట్టాలి.

కానీ బారసాల దాకా పేరు మనకి తెలియదు కదా! 11వ రోజో, 21వ రోజో పేరు పెట్టాక ఎప్పుడు కుడతాం? అందుకని బోర్డర్, బొమ్మలు ముందే పూర్తి చేసి, మధ్యలో చోటు వదిలేయండి. ఇవ్వడం బారసాలకి కాకుండా మొదటి పుట్టినరోజుకి పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తెలుగు అక్షరాలకి రెడీమేడ్ చార్ట్ కోసం వెతకడం కన్నా గ్రాఫ్ పేపర్ మీద మనమే గీసుకోవడం తేలిక. అక్షరం ఒక్కటే 12 నుంచి 15 గళ్ళ ఎత్తు ఉండాలి, వత్తుకి కింద ఇంకో ఏడెనిమిది వదలాలి. అంతకన్నా తగ్గిస్తే తలకట్టూ గుడీ కలిసిపోయి ఎవరి పేరో తెలీకుండా పోతుంది. చోటు తక్కువుంటే ఎక్స్‌లు మానేసి బ్యాక్‌స్టిచ్‌తో (గీతలా వరసగా వచ్చే కుట్టు) రాయండి, మన గుండ్రాలకి అదే బాగా కుదురుతుంది.

## 9. మామూలుగా జరిగే తప్పులు, సర్దుబాట్లు

ఒక గడి పక్కకి జరిగిపోయింది. ఇప్పుడే చూసుకుంటే విప్పండి. రెండొందల కుట్ల తర్వాత తెలిస్తే, అది ఆకో పువ్వో మబ్బో అయితే పక్క రంగుతో సర్దేయండి. ముఖం, కళ్ళు, అక్షరాలు, బోర్డర్ అయితే తప్పదు, విప్పాల్సిందే. బోర్డర్ జరిగితే చివర్లో రెండు కొసలూ కలవవు, అందుకే బోర్డర్ ప్రతి పది గళ్ళకీ సరిచూసుకోండి.

విప్పిన దారం మళ్ళీ వాడకండి, నూగు లేచి మాసినట్టుంటుంది.

దారం మెలి తిరిగిపోతోంది. సూదిని వదిలేసి బట్ట కింద వేలాడనివ్వండి, అదే తిరిగి సర్దుకుంటుంది.

దారం చాలట్లేదు. పూర్తిగా అయ్యేదాకా ఆగొద్దు, మూడు మూరలు మిగిలినప్పుడే కొనండి. ఒకే నంబర్ అయినా ఒక్కోసారి రంగు వేసిన లాట్ మారితే రంగులో కొంచెం తేడా ఉంటుంది, పాతదీ కొత్తదీ కలగలిపి వాడితే కనపడదు.

మూడు నెలలు ముట్టుకోలేదు. ఆ రోజు కుట్టకండి. బట్ట బయటికి తీసి, పురుగు, చెమ్మ వాసన చూసి, చార్ట్‌లో హైలైట్ చేసిందీ బట్ట మీదున్నదీ ఒక గ్రిడ్ పోల్చి, చీటీ చదివి, దారం ఎక్కించి పెట్టండి. కుట్టడం రేపు.

ఒక ప్రాజెక్ట్ మీద మనసే పోవట్లేదు. మూడు సార్లు వరసగా దాని వేళకి దాన్ని దాటేసి ఇంకోటి తీశారంటే, దాంట్లో వాడకుండా మిగిలిన దారాలు తీసి అట్టకి తిరిగి కట్టేసి, బట్టలో మిగిలిన ఖాళీ భాగం కత్తిరించి చిన్న ప్రాజెక్ట్‌కి వాడుకోండి. నేను ఒక పూలబుట్టని అలా వదిలేశాను, దాని బట్ట మీద నాలుగు బుక్‌మార్క్‌లు అయ్యాయి.

## 10. అయిపోయాక

- ☐ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఎక్కడైనా ఎక్స్ మిస్ అయిందా చూడండి, ఖాళీ గడి చుక్కలా మెరుస్తుంది
- ☐ బ్యాక్‌స్టిచ్ మిగిలుంటే ఇప్పుడు వేయండి
- ☐ గ్రిడ్ వైర్ లాగేయండి
- ☐ చల్లని నీళ్ళలో మైల్డ్ లిక్విడ్ సబ్బు వేసి నానబెట్టండి, రుద్దకండి, పిండకండి
- ☐ ఎరుపు దిగుతుంటే ఆరనివ్వకుండా నీళ్ళు తేటగా వచ్చేదాకా చల్లటి నీళ్ళు మారుస్తూ ఉండండి, ఆరిందంటే మరక అక్కడే ఉండిపోతుంది
- ☐ టవల్‌లో చుట్టి ఒత్తి తడి తీయండి
- ☐ మందపాటి టవల్ మీద బోర్లా వేసి, కొంచెం తడిగా ఉండగానే వెనక వైపు ఇస్త్రీ చేయండి, ముందు నుంచి చేస్తే కుట్లు అణిగిపోతాయి

ఫ్రేమ్ షాపుకి ఇచ్చేటప్పుడు "జిగురు వద్దు, అట్ట మీదకి లాగి వెనక దారంతో కుట్టండి" అని చెప్పండి, అద్దం కుట్లకి తగలకుండా మధ్యలో మౌంట్ (చుట్టూ వచ్చే అట్ట చట్రం) పెట్టమనండి. అది చెప్పకపోతే వాళ్ళు ఫోటోలకి చేసినట్టే చేసేస్తారు. వాళ్ళ దగ్గర అది ఉన్న వారం రోజుల్లో ఖాళీ అయిన కవర్ కడిగి ఆరబెట్టుకోండి, దాచుకున్న నాలుగో చార్ట్ దాంట్లోకి వస్తుంది.